పడుకోబెట్టి కొలిచిన కాళ్ళు

"పడుకోండమ్మా, ముందు కాస్త నడుం వాల్చండి."

ఒక మనిషి ఇంకో మనిషితో ఈ మాట అంటే పుణ్యమే రావాలి గానీ పాపం చుట్టుకోకూడదు. సుభాషిణికి మాత్రం ఇదే మాట మెడకు ఉచ్చయి కూర్చుంది. ఒకసారా, రెండుసార్లా? రెండు వందల పన్నెండుసార్లు అంది. అన్న ప్రతిసారీ ఆమె మనసు చల్లబడింది. తప్పు చేస్తున్నప్పుడు గుండె దడదడలాడితే మనిషి ఎక్కడో ఒకచోట ఆగుతాడు. హాయిగా ఉంటే ఎందుకాగుతాడు?

కాకినాడ దాటాక ఉప్పాడ రోడ్డులో ఒక రొయ్యల షెడ్డు ఉంది. మూడు వందల మంది ఆడవాళ్ళు రబ్బరు బూట్లు తొడుక్కుని, మంచునీళ్ళు కారే బల్లల ముందు నిలబడి రొయ్యలు ఒలుస్తారు. పొద్దున ఆరింటికి నిలబడితే సాయంత్రం నాలుగింటిదాకా నిలుచోవడమే. మధ్యలో అన్నానికి అరగంట. కాసేపు కూర్చుంటానని అడిగితే సూపర్‌వైజరు తిట్టడు, కొట్టడు. ఊరికే ఒక చూపు చూస్తాడు. ఆ చూపు ఎవరికి కావాలి? అందుకని ఎవరూ అడగరు. పదేళ్ళు తిరిగేసరికి పిక్కల మీద సిరలు ఉబ్బి, మెలికలు తిరిగి, నల్లగా పైకి తేలతాయి. డాక్టర్లు వెరికోస్ వెయిన్స్ అంటారు. వీళ్ళు "నరాలు లేచాయి" అనుకుని, కొబ్బరినూనె రాసుకుని మర్నాడు మళ్ళీ బూట్లు తొడుక్కుంటారు.

డాక్టర్ శేషాచలపతి ఈ కాళ్ళకే ఇరవై ఏళ్ళు ఆపరేషన్లు చేశాడు. ఇవాళ బాగుచేసి పంపిన కాలు ఎల్లుండి మళ్ళీ అదే బల్ల ముందు నిలబడుతోందని విసుగెత్తి, కత్తి పక్కన పెట్టి ప్రయోగశాల తెరిచాడు. "కూర్చుంటానని మనిషి అడగలేకపోతే, ఆ మనిషి తరఫున కాలే అడగాలి" అనేవాడు. అలా పుట్టింది ఆ మేజోడు. తొడ దగ్గర మొదలై చీలమండ పైన ఆగుతుంది. నూలు మధ్యలో వెంట్రుక కన్నా సన్నని పోగులు. ఆ పోగులు మనకు వినపడని ధ్వనిని కాలిలోకి పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనిని వింటాయి. స్కానింగ్ యంత్రం చేసే పనే, కాకపోతే రోజంతా, నడుస్తున్నా నిలబడినా. దానితో జతగా ముంజేతికి కట్టుకునే దారం ఒకటి. సిర వెడల్పు ఏడు మిల్లీమీటర్ల లోపు ఉన్నంతసేపూ దారం పచ్చగా ఉంటుంది. దాటితే ఎర్రబడుతుంది. ఎర్రబడిందంటే ఆ మనిషి ఇరవై నిమిషాలు స్టూలు మీద కూర్చుని కాళ్ళు ఎత్తిపెట్టుకోవాల్సిందే. షెడ్డువాళ్ళు ఈ షరతుకు ఒప్పుకుని బల్లల వెనకాల నలభై స్టూళ్ళు కూడా వేయించారు.

అంతటి సన్నపోగుల్ని మరమగ్గం మీద నేయడం ఎవరివల్లా కాలేదు. ఉప్పాడలో జరీ పని చేసే లక్ష్మణస్వామి అనే నేతపెద్ద తన చేతిమగ్గం మీద నేసి చూపించాడు.

ఇక మిగిలింది మేజోడుకు అంకెలు నేర్పడం. ప్రతిధ్వని ఇలా వచ్చిందంటే సిర ఇంత ఉన్నట్టు అని దానికి ఎవరో ఒకరు చెప్పాలి. అందుకు షెడ్డులోని రెండు వందల పన్నెండు మంది ఒప్పుకున్నారు. ముందు మేజోడు తొడిగి పది నిమిషాలు నిలబెట్టాలి. తరవాత అది తీసేసి, మనిషిని అలాగే నిలబెట్టి, బరువంతా రెండో కాలి మీద వేయించి, చేతి స్కానింగ్ ప్రోబుతో తొడ మొదట్లో గజ్జ దగ్గర, మోకాలి దగ్గర సిరను కొలిచి కాగితం మీద రాయాలి. ఆ కొలిచే పని సుభాషిణిది.

సుభాషిణికి నలభై ఆరేళ్ళు. స్కానింగ్ టెక్నీషియన్‌గా ఇరవై ఏళ్ళ అనుభవం, కాకినాడలో ఆమె కొలిచిన సిరకు తిరుగులేదని పేరు. షెడ్డు వెనక గదిలో పరదా కట్టారు. తొడదాకా బట్ట తీయాల్సిన పని కాబట్టి లోపలికి మగవాళ్ళెవరూ రాకూడదని ఆడవాళ్ళు ముందే చెప్పారు. డాక్టరు గారు ఆ మాటకు కట్టుబడి ఒక్కరోజు కూడా పరదా దాటలేదు. ఆయన బయట కుర్చీలో కూర్చుంటే, ఆమె రాసిన కాగితాలు ఆయన దగ్గరికి వెళ్ళేవి.

మొదటిరోజు మొదటి మనిషి పది గంటలు నిలబడి అప్పుడే షెడ్డులోంచి వచ్చింది. మేజోడు తొడుక్కుని ఇంకో పది నిమిషాలు నిలబడింది. అది విప్పేసరికి మోకాళ్ళు వణుకుతున్నాయి. గదిలో ఒక మంచం ఉంది. ఇంకా నిలబడమని చెప్పడానికి సుభాషిణికి నోరు రాలేదు.

"పడుకోండమ్మా" అంది.

పడుకుంటే రక్తం దిగిపోయి సిర కాస్త చిక్కుతుందని ఆమెకు తెలీదా? తెలుసు. 'ఎంత చిక్కుతుంది, అర మిల్లీమీటరు, మహా అయితే ఒకటి. దానికే కొంప మునుగుతుందా' అనుకుంది. మంచి సిరకైతే అది నిజమే. చెడిపోయిన సిర నిలబడితే బాగా ఉబ్బుతుంది, పడుకుంటే అంతకంతా కుంగిపోతుంది. ఈ సంగతి కూడా ఆమె చదువుకున్నదే. కానీ ఎదురుగా మనిషి కళ్ళు మూతలు పడుతుంటే చదువు ఎవరికి గుర్తొస్తుంది! కాగితంలో 'నిలబడి' అని ముందే అచ్చయి ఉంది. పక్కన టిక్కు పెట్టడమే. పెట్టింది. రెండో మనిషి వచ్చింది. మొదటామెను పడుకోబెట్టి ఈమెను నిలబెడితే ఏం న్యాయం?

నూట ముప్ఫయ్యో మనిషి మంగతాయారు. పరాయి మనిషి కాదు, సుభాషిణి భర్తకు అక్క. పదహారేళ్ళుగా రొయ్యల షెడ్డులోనే ఉంది. మొగుడు పోయాక తమ్ముడింటికి వచ్చింది గానీ, కూర్చుని తిన్న రోజు లేదు. సుభాషిణి డ్యూటీలకు తిరుగుతుంటే పిల్లలిద్దర్నీ పెంచింది ఆమే. ఆ రోజు మంచం మీద వాలిన రెండో నిమిషానికే గురక పెట్టింది. సుభాషిణి మెల్లగా కొలిచింది. గజ్జ దగ్గర అయిదు పాయింటు రెండు. రాసుకుని, పావుగంట దాకా లేపలేదు.

మేజోళ్ళు వచ్చిన రోజు షెడ్డులో పండగే అయింది. మంగతాయారు ఇంటికొచ్చి, చెయ్యి చాపి ముంజేతి దారం అందరికీ చూపించింది.

"చూడ్రా తమ్ముడూ, మీ ఆవిడ కట్టిన దారం! రక్షాబంధనం నువ్వు కట్టించుకోవడమే గానీ నాకెవరు కట్టారు? ఇదిగో, ఇప్పటికి!"

"నేను కట్టలేదు వదినా, డాక్టరు గారు కట్టారు" అంది సుభాషిణి నవ్వుతూ.

"ఆయనెవరో నాకేం తెలుసమ్మా. నా కాలు చూసింది నువ్వు."

నెలరోజులు గడిచాయి. దారాలు ఎర్రబడటం చాలా తక్కువ. షెడ్డువాళ్ళు సంతోషించారు, డాక్టరు ఇంకా సంతోషించాడు. మేజోడు బిగువుకే సిరలు కుదుటపడుతున్నాయని అనుకున్నాడు. మిగతా షెడ్లవాళ్ళు కూడా అడుగుతున్నారు. ఇంట్లో మాత్రం మంగతాయారు సాయంత్రం గడప దగ్గరే కూలబడి, బూట్లు లాగి, పిక్క నొక్కుకునేది.

"ఏంటో అమ్మాయ్, బరువుగా ఉంటంది. మడం పైన నల్లగా అయ్యింది కూడాను. ఓసారి నీ మిషను పెట్టి చూడకూడదూ?"

సుభాషిణి అప్పుడు వంకాయలు తరుగుతోంది. తలెత్తి ముంజేతి వైపు చూసింది.

"దారం పచ్చగానే ఉంది కదా వదినా. నా మిషను ఒక్క నిమిషం చూస్తుంది, అది రోజంతా చూస్తుంది. నాకన్నా దాని మాటే నయం."

"అంతేనంటావా?"

"అంతే."

"అయితే నాదే చాదస్తం. వయసు మీద పడతంది, ఊరికే మూలగడం అలవాటైపోద్ది" అని మంగతాయారు లేచి, స్నానానికి నీళ్ళు పెట్టుకుంది.

ఇంకో పదిరోజులకు మళ్ళీ అడిగింది. మళ్ళీ అదే జవాబు. ఆ తరవాత అడగడం మానేసింది. షెడ్డులో సూపర్‌వైజరు కూడా అదే పాట ఎత్తుకున్నాడు. ఇదివరకు ఎవరైనా నొప్పంటే చూపుతో ఊరుకునేవాడు, ఇప్పుడు దారం చూపించి, "పచ్చగుంది కదమ్మా, నిలబడు" అంటున్నాడు. తమ కాళ్ళు చెప్పే మాట తామే నమ్మడం మానేశారు ఆడవాళ్ళు.

మాఘమాసంలో ఒక మంగళవారం పొద్దున పదకొండింటికి సుభాషిణికి ఫోనొచ్చింది. మంగతాయారు బల్ల ముందు కుప్పకూలిందన్నారు. ఎండకు కాదు, తిండిలేక కాదు. బూటు లాగితే లోపలినుంచి నెత్తురు కుండ వంచినట్టు కారిందట. మేజోడు ఆగిపోయిన చోట, చీలమండ మీద, ఉబ్బిన సిర ఒకటి పగిలింది.

ఆస్పత్రిలో నాలుగు సీసాల రక్తం ఎక్కించాక ఆమె కళ్ళు తెరిచింది. సుభాషిణి చెయ్యి పట్టుకుని చెప్పింది.

"బూటులో వెచ్చగా అయ్యింది అమ్మాయ్. మంచునీళ్ళలో నిలబడే కాలు కదా, హాయిగా ఉంది. ఏంటీ వెచ్చదనం అని దారం చూసుకున్నా. పచ్చగానే ఉంది. సరేలే అని ఇంకో రెండు ట్రేలు ఒలిచాను."

ఆ ముంజేతికి దారం ఇంకా ఉంది, ఇంకా పచ్చగానే ఉంది.

మూడు వారాలకు మంగతాయారు లేచి తిరిగింది గానీ, చీలమండ మీద పుండు మానలేదు. డాక్టర్ శేషాచలపతి ఆమెను ప్రయోగశాలకు పిలిపించాడు. ఆమె మేజోడు ఆ రోజుదాకా దాచుకున్న అంకెలన్నీ ఆయన ముందున్నాయి. ఎక్కడా ఆరు దాటలేదు. ఆయనకు తిండి సయించడంలేదు, గడ్డం గీసుకోలేదు.

"నిలబెట్టి కొలవమ్మా" అన్నాడు సుభాషిణితో, ముఖం గోడవైపు తిప్పుకుని.

సుభాషిణి నిలబెట్టింది. మంగతాయారు కిటికీ ఊచ పట్టుకుని, బరువు ఎడంకాలి మీద వేసింది. ప్రోబు గజ్జ దగ్గర ఆనగానే తెర మీద సిర నల్లటి గుండ్రంగా కనిపించింది. సుభాషిణి ఒకసారి కొలిచి, నమ్మక మళ్ళీ కొలిచింది.

"తొమ్మిది పాయింటు నాలుగు."

"అసాధ్యం. పడుకోబెట్టి చూడు."

"అయిదు పాయింటు మూడు."

ఆ అంకె తన నోటినుంచి బయటికి రాగానే సుభాషిణికి ఆ మంచం, ఆ గురక, తను రాసుకున్న అయిదు పాయింటు రెండు, అన్నీ ఒక్కసారిగా కళ్ళముందుకొచ్చాయి. మేజోడు అబద్ధం చెప్పలేదు. నిలబడిన కాలి ప్రతిధ్వనికి పడుకున్న కాలి అంకె చెప్పమని నేర్పింది తనే. అది చెప్పింది తు.చ. తప్పకుండా.

అప్పుడే చెప్పేసి ఉంటే బాగుండేది. చెప్పలేదు. డాక్టరు ఆమె ముఖం చూడలేదు, గోడవైపు తిరిగే ఆ అంకెలు లెక్కేసుకుంటున్నాడు.

"కొలతలన్నీ నిలబెట్టే తీశాం, పోగులో ఉంది దోషం" అన్నాడాయన బల్ల మీద గుద్ది. "ఉప్పుగాలికి పోగులు సాగిపోయి ఉంటాయి. లక్ష్మణస్వామిని పిలవండి."

మర్నాడు లక్ష్మణస్వామి వచ్చాడు. డెబ్బై ఏళ్ళ మనిషి, కండువా కింద మేజోళ్ళ మూట. డాక్టరు మర్యాదగానే మాట్లాడాడు గానీ, మర్యాదలో కూడా నింద నిందే. పెద్దాయన అంతా విన్నాడు. మూటలోంచి ఒక మేజోడు తీసి, వెలుతురుకు ఎదురుగా పట్టి, అంచునుంచి ఒక్కొక్క పోగూ ఊడదీయడం మొదలుపెట్టాడు. వాటిని నేలమీద వరసగా పరుస్తున్నాడు.

"మా నాన్న చేతిలో మగ్గం ఎక్కింది మొదలు నా నేతలో పోగు తప్పిందని ఎవరూ అనలేదండి. మీరంటన్నారు కాబట్టి ఉంటే ఉండొచ్చు. ఎతుకుతాను. ఎన్నాళ్ళైనా ఎతుకుతాను. ఆడకూతురి నెత్తురు పోయిందంటే నాకు ముద్ద దిగడం లేదు."

సుభాషిణి గుమ్మం దగ్గర నిలబడి ఉంది. ముసలి వేళ్ళు లేని తప్పును వెతుకుతున్నాయి. ఇంకో పోగు, ఇంకో పోగు. ఆమె ఇక తట్టుకోలేకపోయింది.

"ఆపండి బాబాయ్. అందులో తప్పు దొరకదు. తప్పు నా దగ్గరుంది."

చెప్పింది. మంచం సంగతి, టిక్కు సంగతి, ఒక్కొక్కటీ. చెబుతున్నంతసేపూ ఏడవలేదు. ఏడిస్తే జాలిపడతారని, ఇప్పటిదాకా పడ్డ జాలి చాలని అనిపించింది.

డాక్టరు కేకలేస్తాడనుకుంది. వేసినా బాగుండేది.

"రెండు వందల పన్నెండు మందినీనా?"

"అందర్నీ."

"ఒక్కళ్ళనైనా నిలబెట్టి ఉంటే, మిగతావాటితో పొసగక నాకు అనుమానం వచ్చేది కదమ్మా."

ఆమె తప్పులో కూడా తేడా చూపించలేదు, అందర్నీ సమంగా చూసింది. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "పరదా బయట కూర్చుని నేనూ గొప్ప మర్యాదస్థుణ్ణనుకున్నాను. 'మంచం ఎందుకుంది ఆ గదిలో' అని ఒక్కసారైనా అడిగానా?" అన్నాడు. లక్ష్మణస్వామి ఊడదీసిన పోగుల్ని జాగ్రత్తగా చుట్టి మూటలో పెట్టుకున్నాడు.

వారంలోగా మేజోళ్ళన్నీ వెనక్కి తెప్పించారు. మేజోళ్ళు పోవడంతో కథ అయిపోతే బాగుండు. షెడ్డువాళ్ళు స్టూళ్ళు కూడా ఎత్తించేశారు. మిషనే తప్పని తేలాక ఇక కూర్చోబెట్టడం దేనికని వాళ్ళ వాదన. నలభై స్టూళ్ళూ ఒకదాని మీద ఒకటి పేర్చి, ఐసు గది వెనక పడేశారు. మంగతాయారును పనిలోంచి తీసేశారు. పుండుకాలితో అరగంట కూడా నిలబడలేని మనిషి షెడ్డుకు దేనికి?

పదహారేళ్ళు నిలబడ్డ మనిషి ఇంట్లో కూర్చోవడం నేర్చుకుంటోంది. అది కూడా చేతకావడంలేదు. సుభాషిణి రోజూ ఆమె కాలు కడిగి, మందు రాసి, కట్టు కడుతోంది. ఒక ఆదివారం పొద్దున కట్టు కడుతూ, తలెత్తకుండా, మొత్తం చెప్పేసింది.

"నన్ను తిట్టండి వదినా."

మంగతాయారు కట్టు వైపు చూస్తూ కూర్చుంది.

"ఆ రోజు నాకు బాగా గుర్తుంది" అంది. "మంచం మీద దుప్పటి నీలం రంగు. షెడ్డులో చేరాక పనిరోజున పట్టపగలు నాకు కునుకు పట్టింది ఆ ఒక్కసారే. మెలకువొచ్చాక నువ్వు పక్కనే కూర్చుని ఉన్నావు. నా తమ్ముడు మంచి పిల్లనే తెచ్చుకున్నాడు అనుకున్నా. దాన్ని కూడా తప్పనే అనుకోవాలా అమ్మాయ్ ఇప్పుడు?"

అప్పుడేడిచింది సుభాషిణి.

"ఏడిస్తే ఏడువ్ గానీ, ఒకటి మాత్రం నీకు చెప్పాలి" అంది మంగతాయారు, గొంతు కాస్త బిరుసెక్కింది. "నువ్వు పడుకోబెట్టినందుకు నాకు కోపం లేదు. రెండుసార్లు నొప్పంటే, నా కాలు వైపు చూడకుండా నా చేతి వైపు చూశావు. అది మాత్రం మర్చిపోలేకపోతన్నాను."

సుభాషిణి కట్టు ముడి వేసి, చాలాసేపు ఆ ముడి మీదే చెయ్యి ఉంచింది.

ఎండాకాలం మొదట్లో డాక్టరు మళ్ళీ షెడ్డువాళ్ళ కాళ్ళావేళ్ళా పడి, ఇంకోసారి కొలిచి, మేజోళ్ళకు సరైన అంకెలు నేర్పడానికి ఒప్పించాడు. నిజమైన అంకెలు కళ్ళముందు పెడితేనే స్టూళ్ళు తిరిగొస్తాయి, ఇంకో దారి లేదు. కొలిచే పనికి వేరే మనిషిని పెడతాడేమో అనుకుంది సుభాషిణి. ఆయన ప్రోబు తెచ్చి ఆమె చేతిలోనే పెట్టాడు. "నిలబెట్టడం ఎంత కష్టమో నీకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు" అన్నాడు, అంతే.

అదే గది. అదే పరదా. మంచం తీసేశారు.

అందరికన్నా ముందు మంగతాయారు వచ్చింది. పనిలో లేకపోయినా తన కాలు కూడా లెక్కలో వేయమని తనే అడిగింది. బాగున్న కాళ్ళకన్నా చెడ్డ కాలు చూస్తేనే మేజోడుకు బుద్ధొస్తుందని ఆమె పట్టుదల. మేజోడు తొడుక్కుని పది నిమిషాలు నిలబడింది. విప్పాక మళ్ళీ నిలబడింది. కట్టు మీద తడి ఊరుతోంది. ఒక చెయ్యి సుభాషిణి భుజం మీద వేసి బరువంతా మోపింది.

"ఇంకొక్క నిమిషం వదినా."

"కానియ్. ఈసారి సరిగ్గా చూడు."

గజ్జ దగ్గర తొమ్మిది పాయింటు ఆరు. మోకాలి దగ్గర ఎనిమిది. రాసి, ప్రోబు కిందపెట్టి, వదినను పట్టుకుని గుమ్మం దాకా నడిపించింది. బయట ఆటో దగ్గర ఆమె తమ్ముడు కాచుకుని ఉన్నాడు.

వెనక్కి తిరిగేసరికి తరవాతి మనిషి పరదా తీసుకుని లోపలికి వచ్చేసింది. ఇరవై రెండేళ్ళుంటాయేమో, షెడ్డులో కొత్తగా చేరిన పిల్ల. మేజోడు తొడిగి పది నిమిషాలూ నిలబెట్టి, సుభాషిణి దాన్ని విప్పింది. పిల్ల మోకాళ్ళు అప్పటికే అదురుతున్నాయి. కూర్చోవడానికి ఏమైనా ఉందేమోనని గది నాలుగు మూలలా చూసి, సుభాషిణి ముఖంలోకి చూసింది.

సుభాషిణి నోరు తెరిచింది. రెండు వందల పన్నెండుసార్లు అన్న మాటే ముందుగా నాలుక మీదికి వచ్చింది. దాన్ని మింగి, ప్రోబు చేతిలోకి తీసుకుంది.

"నిలబడమ్మా" అంది.